కెన్యా రాజకీయాలలో సామాజిక మాధ్యమాలు

తూర్పు ఆఫ్రికా దేశమైన కెన్యాలో రాజకీయ సమీకరణకు, ఎన్నికల ప్రచారానికి, ప్రభుత్వ విధానాలపై నిరసనకు, జాతి విద్వేష వ్యాప్తికి కూడా సామాజిక మాధ్యమాలు ప్రధాన సాధనాలుగా మారినవి. ఆఫ్రికా ఖండంలో ఈ మార్పు తొలినాళ్ళలోనే కనిపించిన దేశాలలో కెన్యా ఒకటి. 2007-08 నాటి ఎన్నికల అనంతర హింసాకాండలో సెల్‌ఫోను సంక్షిప్త సందేశాలు, బ్లాగులు నిర్వహించిన పాత్రతో మొదలై, 2024 జూన్‌లో పార్లమెంటు ఆమోదించిన పన్నుల బిల్లును దేశాధ్యక్షుడు ఒక్క రోజులో ఉపసంహరించుకొనే వరకు ఈ చరిత్ర సాగినది. ఈజిప్టు, ట్యునీసియాలలో 2011లో వచ్చిన తిరుగుబాట్లు ప్రపంచానికి ఎక్కువగా తెలిసినప్పటికీ, ఎన్నికలు క్రమంగా జరిగే ఒక దేశంలో ఈ మాధ్యమాలు ఎలా పనిచేస్తాయో చూపడానికి కెన్యా మెరుగైన ఉదాహరణ.

నేపథ్యం

కెన్యా 1963 డిసెంబరు 12న బ్రిటీషు పాలన నుండి స్వాతంత్ర్యం పొందినది. 1978 నుండి 2002 వరకు పాలించిన డేనియల్ అరప్ మోయి హయాంలో చాలాకాలం ఏకపార్టీ వ్యవస్థ నడిచినది. 1991 చివరిలో బహుళపార్టీ విధానం తిరిగి వచ్చినది. కికుయు, లూయా, కలెన్‌జిన్, లువో, కంబా మొదలైన జాతుల మధ్య పొత్తులు, పోటీలే ఎన్నికల ఫలితాలను నిర్ణయిస్తూ వచ్చినవి. భూమి పంపకాలపై పాత తగాదాలు, ముఖ్యంగా రిఫ్ట్ లోయ ప్రాంతంలో, ప్రతి ఎన్నికకూ ముందు రాజుకొనేవి.

సామాన్యుడికి అంతర్జాలం చేరినది కంప్యూటరు ద్వారా కాదు, సెల్‌ఫోను ద్వారా. 2007 మార్చిలో సఫారికామ్ సంస్థ ఫోను ద్వారా డబ్బు పంపే 'ఎం-పెసా' సేవను ప్రారంభించినది (స్వాహిలీ భాషలో పెసా అనగా డబ్బు; మన 'పైసా'యే సముద్రం దాటి వెళ్ళినది). 2009లో సముద్రగర్భ తంతుల ద్వారా దేశానికి వేగవంతమైన అంతర్జాలం అందినది. ఈ రెండూ తరువాతి రాజకీయాలలో ఎంతగా ఉపయోగపడినవో 2024 నాటి ఘటనలలో కనిపిస్తుంది.

2007-08 హింసాకాండ

2007 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలలో మ్వాయ్ కిబాకి గెలిచినట్లు డిసెంబరు 30న ప్రకటించారు. ప్రత్యర్థి రైలా ఒడింగా వర్గం దీనిని అంగీకరించలేదు. వెంటనే మొదలైన హింసలో 1,100 మందికి పైగా మరణించగా, లక్షలాది మంది ఇళ్ళు విడిచి పారిపోయారు. అదే రోజు ప్రభుత్వం రేడియో, టెలివిజన్‌లలో ప్రత్యక్ష ప్రసారాలను నిషేధించినది. వార్తలు ఆగిపోవడంతో జనం బ్లాగులను, సెల్‌ఫోను సందేశాలను ఆశ్రయించారు.

ఈ సందేశాలలో రెండు రకాలూ ఉండేవి. ఏ రోడ్డు మూసుకుపోయినది, ఎక్కడ కాల్పులు జరుగుతున్నవి అని తెలిపి ప్రాణాలు కాపాడినవి కొన్ని. పొరుగు జాతివారిని వెళ్ళగొట్టమని, ఫలానా వారి ఇళ్ళ జాబితా ఇదిగో అని పంపినవి మరికొన్ని. సందేశాల సేవను పూర్తిగా నిలిపివేయాలని ప్రభుత్వం ఆలోచించినది. అప్పటి సఫారికామ్ అధిపతి మైఖేల్ జోసెఫ్ దానికి ప్రత్యామ్నాయంగా శాంతి సందేశాలను చందాదారులందరికీ పంపుదామని ఒప్పించారు. ఆనాడు ఆ సంస్థకు సుమారు 90 లక్షల మంది చందాదారులు ఉండేవారు. సేవ ఆగలేదు. మూసివేయడమా, మాట్లాడడమా అన్న ఈ ప్రశ్న కెన్యాలో ఆ తరువాత కూడా ప్రతి సంక్షోభంలోనూ తిరిగి వచ్చినది.

ప్రవాస కెన్యన్లు ఎక్కువగా వాడే 'మషాదా' అనే చర్చావేదికలో కూడా జాతి దూషణలు అదుపు తప్పడంతో, నిర్వాహకుడు డేవిడ్ కోబియా 2008 జనవరిలో దానిని మూసివేసి, ఆ స్థానంలో 'నాకు తెగ లేదు' అనే అర్థం వచ్చే పేరుతో వేరొక స్థలాన్ని నెలకొల్పారు. ఒక వేదిక యజమాని తనంతట తానే తలుపులు మూసుకొన్న అరుదైన సందర్భం ఇది.

ఉషాహిది

న్యాయవాది, బ్లాగరు అయిన ఒరీ ఒకొల్లో ఎన్నికల సమయంలో నైరోబీ నుండి తన బ్లాగులో ఘటనలను నమోదు చేస్తూ వచ్చారు. పార్లమెంటు సభ్యుల పనితీరును ప్రజల ముందుంచే 'మ్జలెండో' వెబ్‌సైటును 2006లో ప్రారంభించినవారిలో కూడా ఆమె ఒకరు. వ్యాఖ్యల రూపంలో వస్తున్న సమాచారం ఒక్కరు సరిచూడలేనంతగా పెరగడంతో, హింస జరిగిన చోట్లను పటం మీద గుర్తించే సాధనం ఎవరైనా తయారుచేయగలరా అని 2008 జనవరి మొదటి వారంలో తన బ్లాగులో అడిగారు. ఎరిక్ హెర్స్‌మన్, జూలియానా రోటిచ్, డేవిడ్ కోబియా మొదలైనవారు కొద్ది రోజులలోనే దానిని నిర్మించారు. దీనికి పెట్టిన పేరు 'ఉషాహిది'. స్వాహిలీలో సాక్ష్యం అని అర్థం.

పనిచేసే విధానం సులభమైనది. ప్రత్యక్ష సాక్షులు సెల్‌ఫోను సందేశం, ఈమెయిలు లేదా వెబ్ ఫారం ద్వారా సమాచారం పంపుతారు. స్వచ్ఛంద కార్యకర్తలు వీలైనంతవరకు ఇతర ఆధారాలతో పోల్చి చూసి, తేదీ, స్థలంతో సహా పటం మీద పెడతారు. హింస ఆగిన తరువాత ఈ సాఫ్ట్‌వేరును అందరికీ ఉచితంగా ఇచ్చారు. 2010లో హైతీ భూకంపం తరువాత సహాయక చర్యలలో ఇది ఉపయోగపడినది. కెన్యాలోనే 2010 రాజ్యాంగ జనాభిప్రాయ సేకరణలోను, 2013 ఎన్నికలలోను 'ఉచగూజి' (ఎన్నిక) అనే పేరుతో వాడారు. ఆఫ్రికాలో పుట్టి ఇతర ఖండాలకు వెళ్ళిన సాంకేతిక పరికరాలలో ఇది ప్రసిద్ధమైనది. అయితే పటం మీద గుర్తు పెట్టినంత మాత్రాన సహాయం చేరదన్న విమర్శ మొదటి నుండీ ఉన్నది.

ట్విట్టర్‌లో కెన్యన్లు

2010 తరువాత నగర యువతలో ట్విట్టర్ (2023 నుండి ఎక్స్) బాగా వ్యాపించినది. వీరు తమను తాము 'కెన్యన్స్ ఆన్ ట్విట్టర్', పొట్టిగా 'కాట్' అని పిలుచుకొన్నారు. హాస్యం, వెక్కిరింత, మూకుమ్మడి దాడి వీరి శైలి. 2012 మార్చిలో నైరోబీలో జరిగిన గ్రెనేడు దాడిని సీఎన్ఎన్ చూపిన తీరుపై, మళ్ళీ 2015 జులైలో అమెరికా అధ్యక్షుడు ఒబామా రాకకు ముందు అదే సంస్థ కెన్యాను ఉగ్రవాదపు నెలవుగా వర్ణించినందుకు, 'ఎవరైనా సీఎన్ఎన్‌కు చెప్పండి' అనే అర్థం గల హ్యాష్‌ట్యాగుతో వేలాది మంది విరుచుకుపడ్డారు. రెండవసారి ఆ సంస్థ ఉన్నతాధికారి స్వయంగా నైరోబీ వచ్చి క్షమాపణ చెప్పారు.

పల్లెలలో వాడుక వేరుగా ఉండేది. నకూరు సమీపంలోని లానెట్ ఉమోజా గ్రామాధికారి ట్విట్టర్‌ను దండోరాగా వాడి 2012లో ప్రపంచ పత్రికలకు ఎక్కారు. గ్రామస్థులలో చాలామందికి స్మార్ట్‌ఫోను లేకపోయినా, ట్వీట్లను మామూలు ఫోనుకు సంక్షిప్త సందేశంగా తెప్పించుకొనే సదుపాయం ఉండేది. ఒక రోజు తెల్లవారుజామున ఒక ఉపాధ్యాయుని ఇంట్లో దొంగలు పడ్డారని ఆయన ట్వీటు పెట్టగా, నిమిషాలలో ఊరివారు చేరడంతో దొంగలు పారిపోయారు. తప్పిపోయిన గొర్రెల వివరాలు కూడా ఇలాగే తెలిపేవారు.

2013, 2017 ఎన్నికలు

2013 మార్చి 4న జరిగిన ఎన్నికలలో ఉహురు కెన్యట్టా 50.07 శాతం ఓట్లతో గెలిచారు. ఈ ఎన్నికలకు ముందు నైరోబీలోని ఐహబ్ కేంద్రం 'ఉమాటి' (జనసమూహం) అనే పథకం క్రింద విద్వేష రాతలను ఇంగ్లీషు, స్వాహిలీ, స్థానిక భాషలలో రోజూ చదివి వర్గీకరించినది. ప్రమాదకరమైన రాతలలో అత్యధికం ఫేస్‌బుక్‌లో ఉన్నట్లు, ట్విట్టర్‌లో మాత్రం అటువంటివి రాసినవారిని తోటివారే నిలదీసి తగ్గించుకొనేలా చేస్తున్నట్లు తేలినది. 2013లో పెద్దయెత్తున హింస జరగలేదు. అందుకు కారణం మాధ్యమాలలో నిఘా మాత్రమే కాదు. 2007లో ఎదురెదురుగా ఉన్న కికుయు, కలెన్‌జిన్ నాయకులు కెన్యట్టా, విలియం రూటో ఈసారి ఒకే జట్టులో ఉన్నారు.

2017 నాటికి ప్రచారం వృత్తి నిపుణుల చేతికి వెళ్ళినది. ఒడింగా గెలిస్తే దేశం రక్తసిక్తమవుతుందని భయపెట్టే వీడియోలు గూగుల్, ఫేస్‌బుక్ ప్రకటనలుగా వచ్చినవి. వీటి వెనుక అమెరికాలోని టెక్సాస్‌కు చెందిన హారిస్ మీడియా సంస్థ ఉన్నదని ప్రైవసీ ఇంటర్నేషనల్ 2017 డిసెంబరులో బయటపెట్టినది. బీబీసీ, సీఎన్ఎన్ వార్తలను అనుకరించిన నకిలీ వీడియోలు వాట్సాప్‌లో తిరిగినవి. 2018 మార్చిలో బ్రిటన్‌కు చెందిన ఛానెల్ 4 రహస్యంగా చిత్రించిన దృశ్యాలలో, కేంబ్రిడ్జ్ అనలిటికా అధికారి ఒకరు 2013, 2017లలో కెన్యట్టా ప్రచారాన్ని తామే నడిపామని చెప్పుకొన్నారు. అనుబంధ సంస్థను పార్టీ ప్రచారపు హంగుల కోసమే వినియోగించుకొన్నామని జూబిలీ పార్టీ వివరణ ఇచ్చినది. ఖాతాదారులను ఆకట్టుకొనేందుకు ఆ సంస్థ తన ప్రతాపాన్ని పెంచి చెప్పుకొన్నదన్న అభిప్రాయమూ ఉన్నది.

ఆగస్టు 8న జరిగిన ఆ ఎన్నికను సుప్రీంకోర్టు 2017 సెప్టెంబరు 1న రద్దు చేసినది. ఆఫ్రికాలో అధ్యక్ష ఎన్నికను న్యాయస్థానం రద్దు చేయడం అదే మొదటిసారి. ఫలితాల ప్రసారంలో చట్టం పాటించలేదన్నది ముఖ్య కారణం. ఒడింగా బహిష్కరించిన అక్టోబరు 26 నాటి పునరెన్నికలో కెన్యట్టా గెలిచారు. ఆఫ్రికా నాయకులలో ట్విట్టర్‌లో అత్యధిక అనుచరులు గలవారిలో ఒకరైన కెన్యట్టా ఖాతాలను 2019 మార్చిలో అకస్మాత్తుగా తొలగించారు.

కిరాయి హ్యాష్‌ట్యాగులు

కాలక్రమంలో హాస్యానికి, ఆగ్రహానికి పేరుపొందిన హ్యాష్‌ట్యాగులు బజారు సరుకుగా మారినవి. రాజ్యాంగ సవరణల పథకాన్ని కోర్టులలో ఎదిరించిన కార్యకర్తలపై, న్యాయమూర్తులపై బురద చల్లేందుకు యువకులకు రోజుకు 10 నుండి 15 డాలర్ల వరకు చెల్లిస్తున్నారని 2021లో మొజిల్లా ఫౌండేషన్ నివేదిక తెలిపినది. సూచనలు వాట్సాప్ గుంపులలో వచ్చేవి, డబ్బు ఎం-పెసాలో వచ్చేది. నిరుద్యోగం ఎక్కువగా ఉన్న దేశంలో ఇది ఒక ఉపాధి అయినది. నివేదిక తరువాత ట్విట్టర్ వందకు పైగా ఖాతాలపై చర్య తీసుకొన్నది.

అదే 2021 ఏప్రిల్‌లో దీనికి భిన్నమైన ఘటన జరిగినది. అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) కెన్యాకు 234 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేయగా, మాకు అప్పు ఇవ్వవద్దని వేడుకొంటూ రెండు లక్షలకు పైగా జనం అంతర్జాలంలో సంతకాలు చేశారు. సంస్థలు తొలగించిన ఉద్యోగుల గురించి పత్రికలలో వేసే ప్రకటనలను అనుకరిస్తూ, అధ్యక్షుని ఫోటోతో "ఈ వ్యక్తి మా తరఫున లావాదేవీలు జరుపుటకు వీలు లేదు" అన్న ధోరణిలో పోస్టరు వేసిన కార్యకర్తను పోలీసులు అరెస్టు చేశారు. అప్పు తీర్చేది తామేనన్న ఎరుక ఈ ఉద్యమంలోనే మొదటిసారి గట్టిగా వినిపించినది.

2022 ఎన్నికలు

2022 ఆగస్టు 9 ఎన్నికలలో రూటో 50.49 శాతం, ఒడింగా 48.85 శాతం ఓట్లు పొందారు. ఎన్నికల సంఘం 46 వేలకు పైగా పోలింగు కేంద్రాల ఫలితాల పత్రాల ప్రతులను వెబ్‌సైటులో పెట్టినది. పత్రికలు, విద్యార్థులు, సామాన్యులు కూడా ఎవరికి వారు కూడికలు వేసుకొన్నారు. ఏడుగురు కమిషనర్లలో నలుగురు ఫలితంతో తమకు సంబంధం లేదని ప్రకటించినా, సుప్రీంకోర్టు సెప్టెంబరు 5న ఎన్నికను సమర్థించినది. ఎన్నికలకు ముందు, హింసకు ప్రేరేపించే ప్రకటనలను ఫేస్‌బుక్ ఇంగ్లీషులోను, స్వాహిలీలోను ఆమోదించినదని గ్లోబల్ విట్‌నెస్ సంస్థ పరీక్షించి చూపగా, జాతీయ సమైక్యతా సంఘం ఆ వేదికను నిలిపివేయిస్తామని హెచ్చరించినది. మంత్రులు మాత్రం మూసివేత ఉండదని ప్రకటించారు.

చట్టాలు, న్యాయస్థానాలు

2010 ఆగస్టు 27న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలోని 33వ అధికరణం భావప్రకటన స్వేచ్ఛను ఇస్తుంది. విద్వేష భాషణకు, హింసను రెచ్చగొట్టడానికి ఇది వర్తించదు. దీని ఆధారంగా హైకోర్టు సమాచార ప్రసార చట్టంలోని 29వ సెక్షనును 2016లోను, నేరపూరిత పరువు నష్టం నిబంధనను 2017లోను కొట్టివేసినది. 2018 మే 16న కంప్యూటర్ దుర్వినియోగ, సైబర్ నేరాల చట్టం వచ్చినది. తప్పుడు సమాచార ప్రచురణకు 50 లక్షల షిల్లింగుల జరిమానా, సంవత్సరాల తరబడి జైలు శిక్ష ఇందులో ఉన్నవి. బ్లాగర్ల సంఘం పిటిషనుపై 26 సెక్షన్ల అమలును హైకోర్టు కొంతకాలం ఆపివేసి, 2020 ఫిబ్రవరిలో చట్టాన్ని సమర్థించినది. ఒక సెక్షను కొట్టివేయగానే మరొక చట్టంలో అటువంటిదే ప్రత్యక్షం కావడం ఈ కాలంలో రివాజు.

2024 పన్నుల బిల్లు వ్యతిరేక ఉద్యమం

2024 ఆర్థిక బిల్లు ద్వారా ప్రభుత్వం సుమారు 34,600 కోట్ల షిల్లింగుల అదనపు ఆదాయం ఆశించినది. రొట్టెపై 16 శాతం విలువ ఆధారిత పన్ను, వంటనూనెపై 25 శాతం సుంకం, వాహనాలపై వార్షిక పన్ను, ఋతుస్రావపు ప్యాడ్లు, పసిపిల్లల డైపర్లపై కూడా పడే పర్యావరణ రుసుము ఇందులో ప్రతిపాదించారు. అప్పటివరకు నిరసనలంటే ప్రతిపక్ష నాయకుల పిలుపు మీద, ఎక్కువగా వారి జాతి ప్రాంతాలలో జరిగేవి. ఈసారి పిలుపు ఇచ్చినది ఇరవయ్యేళ్ళ వయసువారు. నాయకుడు లేడు, పార్టీ లేదు, తెగ లేదు అన్నది వారి నినాదం.

సన్నాహాలు జరిగిన తీరు గమనించదగినది. బిల్లులోని సెక్షన్లను టిక్‌టాక్‌లో స్వాహిలీలోను, స్థానిక భాషలలోను, బధిరుల కోసం సంజ్ఞా భాషలోను వివరించారు. బిల్లుపై ప్రశ్నలకు జవాబిచ్చే కృత్రిమ మేధ సాధనాన్ని ఒక యువ సాఫ్ట్‌వేర్ నిపుణుడు తయారుచేశారు. పార్లమెంటు సభ్యుల ఫోను నంబర్లను బయటపెట్టి, 'సలాములు' చెప్పే మిషతో వేలకొలది సందేశాలు పంపారు. ఊరేగింపులలో పోలీసుల కదలికలు తెలుపుకొనేందుకు ఫోనును వాకీటాకీగా మార్చే జెల్లో అనే అప్లికేషను వాడారు. ఎక్స్‌లోని శబ్ద సమావేశాలలో రాత్రంతా చర్చలు సాగేవి. గాయపడినవారి వైద్యానికి, మృతుల అంత్యక్రియలకు ఫోను ద్వారా కోట్ల షిల్లింగులు పోగైనవి. పన్నులు వసూలు చేసిన బైబిలు పాత్ర జక్కయ్య పేరును, స్వాహిలీలో 'జకాయో' అని, రూటోకు తగిలించారు. ఆ కథలో జక్కయ్య చెట్టు దిగినట్లే 'దిగిరా' అన్నది వీధులలో వినిపించిన కేక.

జూన్ 18న నైరోబీలో మొదటి ప్రదర్శన జరిగినది. అదే రోజు రొట్టె, వాహనాలపై పన్నుతో సహా కొన్ని ప్రతిపాదనలను వదులుకొన్నారు. ఉద్యమం ఆగలేదు. జూన్ 20 నాటికి ఇతర పట్టణాలకు, అధ్యక్షుని స్వస్థలమైన రిఫ్ట్ లోయకు కూడా పాకినది. అంతర్జాలాన్ని ఆపే ఉద్దేశం లేదని జూన్ 24న సమాచార ప్రాధికార సంస్థ ప్రకటించగా, మరునాడు దేశమంతటా అంతర్జాలం మందగించినది. జూన్ 25న పార్లమెంటు 195-106 ఓట్లతో బిల్లును ఆమోదించినది. కొద్దిసేపటిలోనే జనం పార్లమెంటు ప్రాంగణంలోకి చొరబడ్డారు, భవనంలో ఒక భాగానికి నిప్పంటుకొన్నది, పోలీసులు కాల్పులు జరిపారు. ఆ రాత్రి ఈ ఘటనలను దేశద్రోహంగా వర్ణించిన రూటో, జూన్ 26న బిల్లుపై సంతకం చేయబోనని ప్రకటించారు.

జులై 5న ఆయన స్వయంగా ఎక్స్ శబ్ద సమావేశంలో పాల్గొనగా లక్ష మందికి పైగా విన్నారు. జులై 11న దాదాపు మంత్రివర్గమంతటినీ తొలగించి, తరువాత ఒడింగా పార్టీ వారికి చోటిచ్చారు. కెన్యా జాతీయ మానవ హక్కుల సంఘం లెక్క ప్రకారం ఆ నిరసనలలో కనీసం 60 మంది మరణించారు. నాయకుడు లేకపోవడం వలన ప్రభుత్వానికి బుజ్జగించడానికి, కొనడానికి ఎవరూ దొరకలేదు. అదే కారణంగా బిల్లు పోయిన తరువాత ఏమి అడగాలో తేల్చి చెప్పేవారూ లేకపోయారు. ఒడింగా పార్టీ మంత్రివర్గంలో చేరిన తరువాత వీధిలోని యువత తరఫున సభలో గట్టి ప్రతిపక్షం కూడా మిగలలేదు.

అపహరణలు, 2025 ఘటనలు

ఉద్యమం తరువాత సామాజిక మాధ్యమాలలో రాసేవారిని నంబరు ప్లేటు లేని వాహనాలలో ఎత్తుకుపోవడం మొదలైనది. 2024 డిసెంబరు నాటికి ఇటువంటి 82 ఘటనలను మానవ హక్కుల సంఘం నమోదు చేసినది. అధ్యక్షునిపై నీడబొమ్మల వ్యంగ్యచిత్రాలు వేసే యువకుడు కూడా వీరిలో ఉన్నారు. అతడు 2025 జనవరిలో బయటపడ్డారు. 2025 మే నెలలో, కొత్త ఆర్థిక బిల్లుపై అభ్యంతరాలను ఒక్క మీటతో పార్లమెంటుకు ఈమెయిలు చేసే వెబ్‌సైటును రూపొందించిన మహిళను అరెస్టు చేసి సైబర్ నేరాల చట్టం క్రింద కేసు పెట్టారు. రాజ్యాంగమే కోరిన ప్రజాభిప్రాయాన్ని పంపడం నేరమెలా అయినదో న్యాయస్థానానికీ అర్థం కాలేదు. జూన్‌లో ఆమెను విడిచిపెట్టినది.

2025 జూన్ 7న, ఒక పోలీసు ఉన్నతాధికారిపై ఎక్స్‌లో రాసినందుకు హోమాబే ప్రాంతంలో ఒక యువ ఉపాధ్యాయుని అరెస్టు చేసి నైరోబీకి తరలించారు. మరునాడు అతడు స్టేషనులో మరణించారు. తల గోడకు కొట్టుకొన్నాడని పోలీసులు చెప్పగా, శవపరీక్షలో అది దెబ్బల వలన, మెడ నొక్కడం వలన సంభవించిన మరణమని తేలినది. నిరసనలు మళ్ళీ రేగినవి. జూన్ 25న, మొదటి వార్షికోత్సవం నాడు, ప్రత్యక్ష ప్రసారాలు ఆపవలెనని టెలివిజన్ సంస్థలను ఆదేశించారు. హైకోర్టు అదే రోజు ఆ ఉత్తర్వును నిలిపివేసినది. 2007 డిసెంబరు 30న కూడా ఇటువంటి నిషేధమే విధించారు. ఈసారి తెరలు ఆరిపోయినా జనం ఫోనులలోనే చూస్తూ ఉన్నారు.

2025 అక్టోబరు 15న రూటో సైబర్ నేరాల చట్టానికి సవరణపై సంతకం చేశారు. అదే రోజు రైలా ఒడింగా భారతదేశంలోని కేరళలో, చికిత్స కొరకు వచ్చి, కన్నుమూశారు. దేశం ఆ శోకంలో ఉండగా సవరణ సంగతి ఒకటి రెండు రోజులు ఆలస్యంగా బయటకు వచ్చినది. వారం తిరిగేలోగా హైకోర్టు అందులోని వేధింపుల నిబంధన అమలును ఆపివేసినది.

వేదికల బాధ్యత

ఫేస్‌బుక్‌లో ఆఫ్రికా భాషల రాతలను, దృశ్యాలను వడపోసే పని 2019 నుండి కొంతకాలం నైరోబీలోని సామా అనే గుత్త సంస్థ ద్వారా జరిగినది. శిరచ్ఛేదాలు, అత్యాచారాల దృశ్యాలను రోజంతా చూసే ఈ పని వలన మానసికంగా దెబ్బతిన్నామంటూ ఉద్యోగులు 2022 నుండి కెన్యా కోర్టులలో దావాలు వేశారు. తాము కెన్యాలో లేము కనుక అక్కడి కోర్టుకు అధికారం లేదన్న మెటా వాదనను అప్పీలు కోర్టు 2024 సెప్టెంబరులో తిరస్కరించినది. ఇథియోపియాలోని టిగ్రే యుద్ధకాలంలో ఫేస్‌బుక్ రాతలలో బెదిరింపులకు గురై, 2021 నవంబరులో హత్యకు గురైన ఒక ఆచార్యుని కుమారుడు కూడా నైరోబీలోనే దావా వేశారు. ఆ వడపోత నైరోబీలో జరిగినదన్నది అతని వాదన. ఈ దావాను విచారించే అధికారం తమకు ఉన్నదని 2025 ఏప్రిల్‌లో హైకోర్టు తీర్పు చెప్పినది.